రెండు పేపర్లు, నాలుగు చానళ్లు, ఒక బీపీ మాత్ర: మన రాజకీయ వార్తలు చదవడం ఎలా

మాది కృష్ణా పశ్చిమ డెల్టాలో ఓ చిన్న మున్సిపాలిటీ, నాది కిరాణా కొట్టు. కొట్లో రెండు పేపర్లు వేయించుకుంటాను. చదువు మీద ప్రేమతో కాదు. పొద్దున్నే పాల ప్యాకెట్లకి వచ్చేవాళ్లలో సగం మంది ఒక పార్టీ, సగం మంది ఇంకో పార్టీ, కౌంటర్ మీద ఒకటే పేపరు కనిపించిందనుకోండి, రెండో సగం పక్క సందులో కొట్టుకి పోతుంది. ఒకసారి ఎదురింటి మాస్టారికి పావుకిలో ఎండుమిరపకాయలు పొట్లం కట్టిస్తే, కాగితం మీదున్న మొహం చూసి "దీంట్లో కట్టినవి మా ఇంట్లో వండరోయ్, వేరే దాంట్లో కట్టు" అన్నారు. విప్పి మళ్లీ కట్టాను. వ్యాపారం.

అలా ఇరవై ఏళ్లుగా రెండూ చదువుతున్నాను. మొదట్లో తలనొప్పి వచ్చేది, తర్వాత బీపీ వచ్చింది, ఆ తర్వాత ఒక పద్ధతి వచ్చింది. ఆ పద్ధతి చెబుదామనే ఇది రాస్తున్నాను.

ముందే నా సంగతి చెప్పేస్తే మీకూ నాకూ మంచిది. నేను పాతకాలపు మనిషిని. అప్పంటే భయం, ఫ్రీ అంటే అనుమానం, అసెంబ్లీ లైవ్‌లో 'వాడు, వీడు' అని వినబడితే ఇంట్లో ఆడపిల్లలున్నారని టీవీ కట్టేసే రకం. మా అబ్బాయి నన్ను ఛాందసుడంటాడు. అదే ఇంగ్లీషులో కన్జర్వేటివ్ అంటారట, వినడానికి కాస్త గౌరవంగా ఉందని దాన్నే ఉంచుకున్నాను. కాబట్టి కింద రాసినదాంట్లో నా పక్షపాతం నాకుంది, ఉప్పు చూసుకుని వేసుకోండి.

మొదట, కొట్టు ఎవరిదో కనుక్కోండి

ఏ సరుకైనా ఎక్కడ కొన్నామో తెలియకుండా ఇంటికి తెచ్చుకోం. వార్త మాత్రం తెచ్చేసుకుంటాం.

మన దగ్గర ఒక సుఖం ఏంటంటే దాపరికం తక్కువ. ఈనాడు 1974లో విశాఖపట్నంలో మొదలైంది. ఎన్టీఆర్ 1982 మార్చి 29న పార్టీ పెట్టి 1983 జనవరికల్లా గద్దెనెక్కారు, ఆ తొమ్మిది నెలలూ ఆ పేపరు ఎటు నిలబడిందో అప్పట్లో చదివినవాళ్లని ఎవర్నడిగినా చెబుతారు. వైఎస్ ముఖ్యమంత్రిగా ఉండగా సభల్లో "ఆ రెండు పత్రికలు" అంటే చాలు, ఏ రెండో జనానికి విడమరిచి చెప్పాల్సిన పని ఉండేది కాదు. ఆ కోపంలోంచే అనండి, అవసరం అనండి, 2008లో సాక్షి వచ్చింది. తెలంగాణ ఉద్యమానికి సొంత గొంతు కావాలని 2011లో నమస్తే తెలంగాణ వచ్చింది. ఇప్పుడు పచ్చ, నీలం, గులాబీ అని రంగులతోనే పిలుచుకుంటున్నాం, దీపావళి టపాకాయల్లాగా.

2022లో ఆంధ్రప్రదేశ్‌లో వలంటీర్లకి పేపరు కొనుక్కోమని నెలకి 200 రూపాయలిస్తూ ప్రభుత్వం ఒక జీవో తెచ్చింది. అది మా పోటీ పేపరుని కొనిపించడానికేనని ఇంకో పేపరు వాళ్లు కోర్టుకెక్కారు. నా కొట్లో ఇద్దరు కస్టమర్లు దీని గురించి వారం రోజులు కొట్టుకున్నారు. ఆ 200 ఎవరి జేబులోంచి వస్తోందో మాత్రం ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. ఈ ప్రశ్న గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ మళ్లీ వస్తుంది.

కొట్టు బోర్డు మీద యజమాని పేరుండటం తప్పేం కాదు, నా కొట్టు మీదా ఉంది. నాకు భయమల్లా బోర్డు లేని కొట్టంటేనే. "మేం తటస్థం" అని పెద్దక్షరాలతో రాసుకున్న చానల్ కనబడితే ఒక చిన్న పరీక్ష పెట్టండి. రెండు పార్టీలకీ ఒకే వారంలో సభలు జరుగుతాయి కదా, ఏ సభని డ్రోన్‌తో పైనుంచి తీశారు, ఏ సభలో కెమెరా పట్టుకెళ్లి వెనక వరస ఖాళీ కుర్చీల ముందు పెట్టారు, చూడండి. పైనుంచి తీస్తే జనసంద్రం. కుర్చీల దగ్గర తీస్తే వెలవెల. తటస్థం సంగతి అక్కడే తేలిపోతుంది.

తర్వాత, వాక్యం చివరికి వెళ్లండి

తెలుగులో మనకి దేవుడిచ్చిన వరం ఏంటంటే క్రియ చివర్లో వస్తుంది. వార్త ఎంత గట్టిదో అక్కడే ఉంటుంది, కానీ మనం హెడ్డింగ్ చదివి అక్కడికి చేరేలోపే కోపం తెచ్చుకుంటాం. "మంత్రి రాజీనామా చేశారు" అంటే చేశాడు. "చేయనున్నట్లు తెలిసింది" అంటే ఎవరో ఒకరు చెప్పారు. "చేయనున్నట్లు సమాచారం" అంటే ఆ చెప్పినాయన పేరు వేయొద్దన్నాడు. "చేస్తారనే ప్రచారం జరుగుతోంది" అంటే ఆ ప్రచారం చేస్తున్నది ఈ పేపరే. "రాజకీయ వర్గాల్లో జోరుగా చర్చ" అంటే విలేకరి, కెమెరామన్, కారు డ్రైవరు కలిసి టీ తాగారు. ఇక "విశ్వసనీయ వర్గాలు" అనే మాట వచ్చిందంటే, నా అనుభవంలో, ఆ రోజు పేపర్లో నాలుగో కాలమ్ ఖాళీగా ఉండిపోయింది.

ప్రశ్న గుర్తు ఉన్న హెడ్డింగులు వేరే జాతి. "ఆ నేత గోడ దూకుతారా?" అని ఉంటే, లోపల ఉన్నది 'తెలీదు' అనే ఒక్క మాటే, దాన్ని మూడు వందల మాటల్లో రాశారు. అలాంటివి నేను చదవను, వాటిలో ఇంగువ పొట్లాలు కడతాను.

ఇలా వడగట్టి చూడండి, పొద్దున్నే చదవాల్సిన రాజకీయ వార్తలు ఆరేడుకి మించి మిగలవు. కాఫీ చల్లారకుండా అయిపోతుంది.

తీసివేత లెక్క

అసలు పద్ధతి ఇదే. ఒకే సంగతి మీద రెండు పేపర్లు పక్కపక్కన పెట్టండి. రెంటిలోనూ ఉన్నది జరిగింది. ఒకదాంట్లోనే ఉన్నది బహుశా జరిగింది, కాకపోతే అంతలా కాదు. రెంటిలోనూ లేనిది మీరు వెతుక్కోవాలి, నూటికి తొంభైసార్లు మీ డబ్బు సంగతి అక్కడే ఉంటుంది.

ఒక ఏడాది వానాకాలంలో మా ఊరికి నాలుగు కిలోమీటర్ల అవతల కాలువకి గండి పడింది. మర్నాడు ఒక పేపర్లో "పాలకుల నిర్లక్ష్యం, నీట మునిగిన పంట", ఒక రైతు తల పట్టుకుని కూర్చున్న ఫొటో. రెండో పేపర్లో "యుద్ధప్రాతిపదికన పూడ్చివేత", అదే గట్టు మీద ఒక నాయకుడు చెయ్యి చాపి ఏదో చూపిస్తున్న ఫొటో. చెయ్యి ఎందుకు చాపుతారో నాకిప్పటికీ అర్థం కాదు, గండి ఎక్కడుందో అక్కడున్న అందరికీ కనబడుతూనే ఉంటుంది. కొట్టు మా ఆవిడకప్పగించి టీవీఎస్ మీద వెళ్లి చూశాను. గండి పడ్డమాట నిజం, పూడ్చినమాట నిజం. పూడ్చింది మాత్రం చుట్టుపక్కల రైతులు, సొంత ట్రాక్టర్లతో, నా దగ్గర ఖాళీ బస్తాలు కూడా ఓ నలభై పట్టుకెళ్లారు. ఆ గట్టుకి అంతకుముందు వేసవిలో మరమ్మతు బిల్లు అయిందా, అయితే ఎంతకి, చేసిందెవరు? ఈ మూడు ప్రశ్నలూ రెండు పేపర్లలోనూ లేవు. తిట్టే పేపరుకి తిట్టు ముఖ్యం, పొగిడే పేపరుకి పొగడ్త ముఖ్యం, గట్టు ఎవరికీ అక్కర్లేదు.

నా బస్తాలు కూడా తిరిగి రాలేదు. సరేలెండి.

మాటల మారకం

రెండు పేపర్లు చదవాలంటే రెండు భాషలు రావాలి. మన పార్టీ ఇస్తే సంక్షేమం, వాళ్లిస్తే తాయిలాలు. మనవాణ్ని పట్టుకెళ్తే అక్రమ అరెస్టు, వాళ్లవాణ్ని పట్టుకెళ్తే చట్టం తన పని తాను చేసుకుపోతుంది. మన నాయకుడు ఢిల్లీ వెళ్తే నిధుల కోసం, వాళ్ల నాయకుడు వెళ్తే కాళ్లు పట్టుకోవడానికి. ఎమ్మెల్యే మన వైపు వస్తే నియోజకవర్గ అభివృద్ధి, అటు పోతే సంతలో పశువు.

ఈ ఫిరాయింపుల దగ్గర రెండు రాష్ట్రాల్లో ఎవరి చేతులూ శుభ్రంగా లేవు. 2014లో వైసీపీకి 67 సీట్లొస్తే అందులో 23 మంది అధికార పార్టీలోకి వెళ్లారు. 2019లో ఆ అధికార పార్టీకి సరిగ్గా 23 సీట్లే వచ్చాయి, దేవుడి స్క్రిప్టు అని అవతలివాళ్లు సంబరపడ్డారు. 2024లో ఆ సంబరపడినవాళ్లకి 11 వచ్చాయి, అప్పుడు స్క్రిప్టు గురించి ఎవరూ మాట్లాడలేదు. అటు తెలంగాణలో 2018లో గెలిచిన 19 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది 2019 జూన్‌లో అధికార టీఆర్ఎస్‌లో 'విలీనం' అయిపోయారు. ఎంత పవిత్రమైన మాట, నదుల గురించి వాడేవాళ్లం. 2023లో ప్రభుత్వం మారాక ప్రవాహం అటునుంచి ఇటు తిరిగింది, నిన్నటిదాకా విలీనాన్ని మెచ్చుకున్నవాళ్లే ప్రజాస్వామ్యం ఖూనీ అన్నారు.

మాలాంటి పాతవాళ్లకి ఇది రాజకీయం కన్నా పెంపకం సమస్యలా కనిపిస్తుంది. ఇచ్చిన మాట, తిన్న ఉప్పు అని మా నాన్న చెబుతుండేవాడు. ఆయన ఏ పార్టీలోనూ లేడు కాబట్టి చెప్పగలిగాడేమో.

అంకెలు వచ్చినప్పుడు మాత్రం కుర్చీ లాక్కుని కూర్చోండి

2023 డిసెంబర్ 20న తెలంగాణ అసెంబ్లీలో కొత్త ప్రభుత్వం శ్వేతపత్రం పెట్టింది, రాష్ట్రం అప్పు 6,71,757 కోట్లు అని. నాలుగు రోజులకి దిగిపోయినవాళ్లు 'స్వేదపత్రం' అని ఇంకోటి తెచ్చారు, మేం చెమటోడ్చి కట్టిన రాష్ట్రం ఇది, అప్పు 3.17 లక్షల కోట్లే అని. శ్వేతానికి స్వేదం, ప్రాస మాత్రం నిజంగా బాగుంది, ఒప్పుకోవాలి. ఆ రోజు చానళ్లన్నీ ప్రాస మీదే గంటలు గంటలు గడిపాయి. ఒకే అప్పుకి రెండు అంకెలెలా వచ్చాయో చెప్పింది తక్కువ.

నేను చెబుతాను, కిరాణా భాషలో. నా పేరు మీద బ్యాంకులో ఉన్నది ఒక అప్పు. మా బావమరిది పేరు మీద తీసి, నేను హామీ ఉండి, నెలనెలా నేనే కడుతున్నది రెండోది. నేను హామీ ఉన్నాను గానీ వాడే కట్టుకుంటున్నది మూడోది. హామీ కూడా లేకుండా వాడు తెచ్చుకున్నది నాలుగోది. శ్వేతపత్రం ఈ నాలుగూ కలిపింది: బడ్జెట్లో చూపించే అప్పు 3,89,673 కోట్లు, కార్పొరేషన్ల పేరున తెచ్చి ప్రభుత్వం కడుతున్నవి 1,27,208 కోట్లు, హామీ ఉండి కార్పొరేషన్లే కట్టుకునేవి 95,462 కోట్లు, హామీ లేనివి 59,414 కోట్లు. కూడి చూడండి, సరిపోతుంది. నేను కాలిక్యులేటర్ మీద రెండుసార్లు కూడి చూశాను, అలవాటు. దిగిపోయినవాళ్లు రాష్ట్రం ఏర్పడినప్పుడు వచ్చిన పాత అప్పు తీసేసి, బావమరిది లెక్క బావమరిదిదే అన్నారు. ఈ బావమరిది మాట నాకు మింగుడు పడదు, ఎందుకంటే బావమరిది కట్టకపోతే బ్యాంకువాడు వచ్చేది నా కొట్టుకే. కానీ కొత్తగా వచ్చినవాళ్లు కూడా వాడే కట్టుకుంటున్న మూడోదాన్ని, అసలు హామీయే లేని నాలుగోదాన్ని నా నెత్తినే వేసి చెప్పారు. రెండు వైపులా లెక్క వచ్చినవాళ్లే, తమకి ఎక్కడ ఆపితే బాగుంటుందో అక్కడ ఆపారు.

కాబట్టి అప్పు అంకె ఎప్పుడు కనబడినా అడగాల్సింది ఒక్కటే: బావమరిదిని కలిపారా లేదా?

బడ్జెట్ రోజు ఇంకో పని చేయండి. "లక్షల కోట్ల భారీ బడ్జెట్" అన్న హెడ్డింగ్ పక్కన పెట్టేయండి, అది బడ్జెట్ అంచనా, అంటే పెళ్లికి ముందు వేసుకున్న ఖర్చు చిట్టా. బడ్జెట్ పుస్తకాల్లో పక్కనే సవరించిన అంచనాలు, వాస్తవ లెక్కలు అని వేరే కాలమ్స్ ఉంటాయి. వాస్తవాలు రెండేళ్ల కిందటివి కాబట్టి టీవీకి పనికిరావు, మనకి పనికొస్తాయి. రాబడి ఎంతొస్తుందన్నారు, ఎంతొచ్చింది? ఆ తేడా చూస్తే ఈ ఏడాది అంచనాని ఎంత తగ్గించి నమ్మాలో తెలుస్తుంది. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ వెబ్‌సైట్లో రాష్ట్రాల నెలవారీ లెక్కలు కూడా పెడతారు, రాష్ట్రానికి రెండు మూడు పేజీలు, పన్నులు ఎంత వచ్చాయి, అప్పు ఎంత తెచ్చారు, వడ్డీకి ఎంత పోయింది, జీతాలు, పింఛన్లు, సబ్సిడీలు ఎంత. విశ్లేషకుడు లేడు, యాంకర్ లేదు, వెనక డప్పుల మ్యూజిక్ లేదు. నెలకోసారి పది నిమిషాలు అది చూస్తే, రోజుకో గంట డిబేట్ చూసినవాడి కన్నా మీకే ఎక్కువ తెలుస్తుంది.

ఇంక ఓట్ల లెక్క. "ప్రజలు ఛీకొట్టారు" అని ఎవరైనా అంటే సీట్లు కాకుండా ఓట్ల శాతం చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో టీడీపీకి 39 శాతం పైచిలుకు ఓట్లు, 175లో 23 సీట్లు. 2024లో వైసీపీకి 39 శాతం పైచిలుకే, 11 సీట్లు. మధ్యలో 2023లో తెలంగాణలో కాంగ్రెస్‌కీ అదే 39 శాతం పైచిలుకు, 119లో 64 సీట్లొచ్చి ముఖ్యమంత్రి కుర్చీ! ఒకే మార్కులు తెచ్చుకున్న ముగ్గురు పిల్లల్లో ఇద్దరు ఫెయిలు, ఒకడు క్లాస్ ఫస్టు. ఎదురుగా ఎంతమంది కలిశారు, ఎంతమంది చీలారు అన్నదే తేడా. పది మందిలో నలుగురు ఓటేసిన పార్టీని 'తుడిచిపెట్టుకుపోయింది' అని రాసినవాళ్లు, నా కౌంటర్ దగ్గర ఒక పూట నిలబడి ఆ నలుగురితో మాట్లాడితే బాగుండు.

రెండు పేపర్లూ కలిసి మౌనంగా ఉండే చోటు

తీసివేత లెక్కలో చివరికి మిగిలేది తరచూ ఒకటే: సారా డబ్బు. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే ఇది నా పాతకాలపు బుద్ధికి బాగా తగిలే విషయం.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్లు మూయించారు. అప్పుడు పేపర్లు నిజంగా పేపర్ల పని చేశాయి, ముఖ్యంగా ఈనాడు రోజూ పేజీలకి పేజీలు ఇచ్చింది. ఆ ఊపులో ఎన్టీఆర్ మాటిచ్చి గెలిచి 1995 జనవరిలో మద్యనిషేధం తెచ్చారు. 1997లో ఆయన తర్వాత వచ్చినవాళ్లు అది ఎత్తేశారు, ఖజానా ఏడుస్తోందని. ఆ ఆడవాళ్లకి కన్జర్వేటివ్ అన్న మాట తెలిసుండదు, కానీ ఇల్లు నిలబడాలని కొట్లాడటం కన్నా అసలైన కన్జర్వేటివ్ పని నాకింకోటి తెలీదు.

ఇప్పుడు చూడండి. 2019లో గెలిచినవాళ్లు దశలవారీ మద్యనిషేధం అన్నారు, 2022కల్లా ఆ మద్యం ఆదాయాన్నే చూపించి బెవరేజెస్ కార్పొరేషన్ పేరున బాండ్లు అమ్మి అప్పు తెచ్చారు. అంటే రేపు తాగబోయే క్వార్టర్ మీద ఇవాళ అప్పు. వాళ్లని తిట్టి 2024లో వచ్చినవాళ్లు నాణ్యమైన మద్యం 99 రూపాయలకే ఇస్తామన్నారు, ఇచ్చారు. తెలంగాణలో 2023లో 2,620 మద్యం దుకాణాలకి లక్షా 31 వేల పైచిలుకు దరఖాస్తులొచ్చాయి, ఒక్కోదానికి తిరిగిరాని ఫీజు 2 లక్షలు, సీసా మూత తియ్యకముందే 2,600 కోట్లు దాటింది. నేను ముప్పై ఏళ్లుగా ఉప్పూ పప్పూ అమ్ముతున్నాను, సరుకు చూపించకుండా అప్లికేషన్ మీదే డబ్బులొచ్చే వ్యాపారం ఉందని అప్పుడే తెలిసింది.

పిల్లల చదువుకని అమ్మ ఖాతాలో పడే డబ్బుకి పెద్ద ఫొటో వేస్తారు. నాన్న రాత్రి వైన్ షాపులో ఇచ్చేది ఆ ఫొటోలో ఉండదు. అమ్మకిచ్చింది ఎవరు అన్న దాని మీద రెండు పేపర్లూ ఏడాదంతా కొట్టుకుంటాయి.

ఇదంతా ఒకరోజు మాస్టారితో గట్టిగా వాదిస్తున్నాను, ఈ ఫ్రీలన్నీ దండగ, జనాన్ని సోమరులని చేస్తున్నారు అని. లోపల గదిలోంచి మా అమ్మ, "రెండ్రూపాయల బియ్యం తిని పెరిగావురా నువ్వు, నోరు కాస్త తగ్గించు" అంది. 1983 నాటి సంగతి. నాకు జవాబు దొరకలేదు, ఇప్పటికీ వెతుకుతున్నాను. మాస్టారు మాత్రం ఆ రోజు ఎండుమిరపకాయలు ఏ కాగితంలో కట్టినా ఏమీ అనకుండా నవ్వుకుంటూ పోయారు.

డిబేట్లు, సర్వేలు, డాలస్ బావ

రాత్రి డిబేట్ గురించి నా సలహా చిన్నది: చూడకండి. చూసి తీరాలంటే మొదటి ఐదు నిమిషాలు సౌండ్ తీసేసి చూడండి. ఎవరి బాక్సు పెద్దది, ఎవరి బాక్సు మూలన ఉంది, యాంకర్ ఎవరిని మాట్లాడనిచ్చి ఎవరి దగ్గరికొచ్చేసరికి బ్రేక్ తీసుకుంటున్నాడు, అన్నీ కనిపిస్తాయి. కింద 'సీనియర్ విశ్లేషకుడు' అని రాసుంటే, ఆయన వచ్చే ఎన్నికల్లో టికెట్ ఎక్కడ అడుగుతాడో చూసి అప్పుడు పాత విశ్లేషణకి మార్కులేయండి. 2021లో అమరావతి మీద జరిగిన ఒక లైవ్ డిబేట్‌లో ఒకాయన చెప్పు తీసి పక్కాయన్ని కొట్టాడు. కొట్టినాయన 2024లో ఎమ్మెల్యే అయ్యాడు. మా ఆవిడ ఆ టైములో సీరియల్ పెట్టమంటుంది, దాంట్లో కనీసం అత్త ఎవరో కోడలు ఎవరో మొదట్నుంచీ తెలుస్తుందంటుంది. ఇప్పుడు రిమోట్ ఆమె దగ్గరే ఉంటోంది, బీపీ డాక్టరు కూడా అదే మంచిదన్నాడు.

సర్వేల సంగతి. ఆంధ్రా ఆక్టోపస్ అని పేరుపడ్డ మాజీ ఎంపీ 2018లో తెలంగాణలో కాంగ్రెస్, టీడీపీల మహాకూటమిదే గెలుపన్నారు, టీఆర్ఎస్‌కి 88 సీట్లొచ్చాయి. 2019లో ఆంధ్రలో టీడీపీకి వంద, ఓ పది అటూఇటూ అన్నారు. వచ్చింది 23. అటూఇటూ అంటే అంత ఇటు అని ఎవరూ అనుకోలేదు. ఆ నమ్మకంతో మా పక్క టైర్ల షాపు అన్నయ్య బుల్లెట్ బండి పందెం కాసి, ఇప్పటికీ స్కూటీ మీద తిరుగుతున్నాడు. సర్వేని వినోదంగా చూడండి, బండి తాళాలు మాత్రం లోపల పెట్టండి.

వాట్సాప్ విషయంలో నాకున్న సమస్య పేరు డాలస్ బావ. ఇక్కడ ఏ ఎలక్షనొచ్చినా ఆయన అక్కడ రాత్రుళ్లు నిద్రపోడు. "బావా, మీ ఊళ్లో కర్ఫ్యూ అంటగా!" అని ఫోన్ చేస్తాడు. నేను కొట్లో కూర్చుని కందిపప్పు తూస్తుంటాను. "కర్ఫ్యూ లేదు బావా, ఎదురుగా పానీపూరీ బండి దగ్గర పది మంది ఉన్నారు" అంటే నమ్మడు, వీడియో పంపిస్తాడు. ఆ వీడియోలో వెనక బోర్డులు బెంగాలీలో ఉంటాయి. అందుకే ఇలాంటి వీడియో వచ్చినప్పుడు మొహాలు కాదు, వెనక షాపుల బోర్డులు, బస్సు రంగు, బండి నంబర్ ప్లేట్ చూడండి. చాలావరకు అక్కడే తేలిపోతుంది. బావకి మాత్రం చెప్పకండి, ఆయనకున్న కాలక్షేపం అదొక్కటే.

మిగిలిన గంటతో ఏం చేయాలి

ఇదంతా పాటిస్తే రోజుకి ఓ గంట మిగులుతుంది. దాంతో మీ ఊరి లెక్క చూడండి. రాష్ట్రం అప్పు మీరు తీర్చలేరు, మీ వీధి కాలువ మీద ఎంత ఖర్చు రాశారో మాత్రం తెలుసుకోవచ్చు. మున్సిపాలిటీకీ బడ్జెట్ ఉంటుంది, కౌన్సిల్లో పెడతారు, దాని కాపీ అడిగే హక్కు ప్రతి పౌరుడికీ ఉంది. నోటితో అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి తెల్లకాగితం మీద రాసివ్వండి, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఏం కావాలో ఒకటే రాయండి, ఏ సంవత్సరానిదో రాయండి. "అవినీతి గురించి మొత్తం సమాచారం ఇవ్వగలరు" అని రాస్తే ఏమీ రాదు. రసీదు తీసుకోవడం మర్చిపోవద్దు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఇంటిపన్ను రసీదు పట్టుకుని వెళ్లి, మా వార్డు డ్రైనేజీ పద్దు చూపించమన్నాను. గుమస్తా నన్ను పైనుంచి కిందకి చూశాడు. లోపలికి వెళ్లి ఎవరితోనో మాట్లాడి వచ్చి కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. తర్వాత మెల్లగా దగ్గరికి వంగి, "ఏ పేపరండీ మీరు?" అన్నాడు.

"కిరాణా కొట్టండీ" అన్నాను.

టీ అప్పటికే వచ్చేసింది కాబట్టి తాగనిచ్చాడు. కాపీ మాత్రం పది రూపాయలు కట్టాక ఇరవై ఆరో రోజున వచ్చింది. మా వీధి కాలువలో పూడిక ఆ ఏడాది రెండుసార్లు తీసినట్టుంది అందులో. దాన్ని జిరాక్స్ తీయించి కౌంటర్ మీద రెండు పేపర్ల మధ్యలో పెట్టాను. ఇప్పుడు పొద్దున్నే పాలకొచ్చినవాళ్లు ముందు దాన్నే తీసి చూస్తున్నారు.